ఏనుగును కొని అంకుశానికి వెనకాడొద్దు
(ల్యాప్‌టాప్ మోసే సంచి గురించి ఒక రైతుబిడ్డ ఆలోచన)

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడినట్లని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. నేడు మన కళాశాలల్లో ఆ సామెతకు నిదర్శనం ప్రతి బెంచీ మీదా కనబడుతున్నది. నలభై వేలు పోసి ల్యాప్‌టాప్ కొంటాం. నెల రోజులు పదిమందిని అడిగి, నాలుగు దుకాణాలు తిరిగి, ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత అని తెలుసుకొని మరీ కొంటాం. తీరా దాన్ని మోసే సంచి దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఉంటది తియ్" అంటాం. ఇంటర్‌లో వాడిన పాత బ్యాగో, ల్యాప్‌టాప్‌తో ఉచితంగా వచ్చిన పలుచని సంచో, చూపుకు బాగుందని సంతలో కొన్నదో వీపుకు తగిలించుకొని బస్సెక్కుతాం. ఇది సరైన పద్ధతేనా? ఒక్కసారి ఆలోచించవలసి ఉన్నది.

నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్ల ఏ వస్తువు ధరనైనా ముందు పంటలోకి మార్చి చూసుకునే అలవాటు. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే నలభై వేల ల్యాప్‌టాప్ అయిదు క్వింటాళ్ల పత్తి. అదీ మద్దతు ధర పూర్తిగా చేతికి వస్తేనే. తేమ ఎక్కువున్నదని కోత పెడితే ఇంకా ఎక్కువ. విత్తనం, ఎరువు, కలుపు, ఏరుడు కూలి పోను మిగిలిన దానితో లెక్కగడితే ఎన్ని ఎకరాలవుతుందో రైతుబిడ్డలకు నేను చెప్పనక్కరలేదు. ఆదిలాబాద్ నల్లరేగళ్లలోనైనా, కరీంనగర్ చెలకల్లోనైనా వాన మీద ఆధారపడ్డ పంట అది. అట్లాంటి పంటను ఇనుపపెట్టెలో పెట్టినట్లు కాపాడుకోవలసింది పోయి, కుట్లు ఊడిన సంచిలో వేసుకొని తిరుగుతున్నామన్నదే నా బాధ.

ఈ శీర్షిక చూసి కొందరు మిత్రులు నవ్వవచ్చు. "అన్నా, అసలు ల్యాప్‌టాపే లేనోళ్లు ఎంతమంది ఉన్నరు! నువ్వేంది, బ్యాగుల ముచ్చట రాస్తున్నవ్?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2020లో కరోనా వచ్చి పాఠాలన్నీ ఫోన్లలోకి పోయినప్పుడు, ఇంట్ల ఉన్న ఒక్క ఫోను కోసం అన్నదమ్ములు కొట్లాడుకున్న రోజులు మనమెవరమూ మరువలేదు. కానీ ఆ కారణం చేతనే నేను ఈ మాట ఎత్తుతున్నాను. ఇంట్ల నాలుగు ల్యాప్‌టాప్‌లు ఉన్నవానికి ఒకటి పగిలితే నష్టం లేదు. ఒక్కటే ఉన్నవానికి, అదీ అప్పు మీద తెచ్చుకున్నవానికి, పగిలితే రెండోది రాదు. సంచి గురించి ముందుగా ఆలోచించవలసినవాడు పేద విద్యార్థే.

మన ప్రాంతానికి ల్యాప్‌టాప్ చదువు కొత్త కాదు. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం మన బాసరలో వెలిసినప్పుడు, పల్లె బడుల్లో పది చదివి వచ్చిన పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పడం దాని పద్ధతిలోనే ఒక భాగం. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు వారం రోజులు ఆందోళన చేస్తే, వాళ్ల కోర్కెల్లో ల్యాప్‌టాప్‌ల పంపిణీ కూడా ఒకటిగా ఉన్నది. అంటే ఒకనాటి పలకా బలపం స్థానానికి ఈ యంత్రం వచ్చింది. పలక పగిలితే మరునాడు ఇంకొకటి కొనేవాళ్లం. దీని సంగతి అట్లా కాదు.

పోయినేడు వానకాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఉట్నూర్ అవతలి పల్లె నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్‌లో ఉండి చదివే మా తరగతి మిత్రుడొకడు సెలవుకు ఇంటికి పోయి తిరిగి వచ్చిండు. బస్సు దిగుతుంటే సంచి పట్టీ కుట్టు పుటుక్కున తెగింది. సంచి ఫుట్‌బోర్డు అంచు మీద పడి కిందికి దొర్లింది. తెరచి చూస్తే తెర మూల నుంచి మూలకు చీలింది. బాగుచేసే దుకాణంలో ఎనిమిది వేలు అన్నరు. ఒక్క కుట్టు ఊడినందుకు క్వింటాలు పత్తి పోయింది! ఇంటికి చెప్పలేక వాడు రెండు నెలలు ప్రాజెక్టు రాతంతా ఫోన్ మీద వేళ్లు అరిగేటట్లు చేసుకున్నడు. ఇట్లాంటి కథ ప్రతి హాస్టల్‌లో ఒకటి ఉంటుందని నా నమ్మకం.

అయితే మంచి సంచి అంటే ఏది? కంపెనీ పేరు చూసి కొనాలా? రంగు చూసి కొనాలా? నేననేది ఒక్కటే. ముందు బరువు చూడాలి, తర్వాత బాట చూడాలి, ఆ తర్వాతనే దుకాణం చూడాలి. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉన్నది.

బరువుతో మొదలుపెడదాం. మా ఊరి కిరాణా దుకాణం కాంటా మీద ఒకనాడు నా సంచిని విప్పి వస్తువు వస్తువూ తూచాను. ల్యాప్‌టాప్ 2 కిలోల 100 గ్రాములు. చార్జరు 400. రెండు రికార్డులు, నోటుబుక్కులు కలిపి 2 కిలోలు. పాఠ్యపుస్తకం 1 కిలో 100. నిండు నీళ్ల సీసా 1 కిలో 100. సద్ది డబ్బా 800. ల్యాబ్ కోటు 350. పవర్ బ్యాంకు 350. గొడుగు 400. ఖాళీ సంచి 700. మొత్తం 9 కిలోల 300 గ్రాములు. నా ఒంటి బరువు 56 కిలోలు. అంటే నాలో ఆరో వంతును రోజూ వీపు మీద మోస్తున్నానన్నమాట!

బడిపిల్లల బరువు గురించి ఈ దేశంలో చర్చ చాలాకాలంగా ఉన్నది. 1989లో ప్రముఖ రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగాన్ని పిల్లల పుస్తకాల సంచి బరువు మీదనే చేశారు. ఆ తర్వాత శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీ వేస్తే, 1993లో వారు భారం లేని చదువు కావాలని నివేదిక ఇచ్చారు. 2017లో మన తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు మించరాదని ఉత్తర్వు ఇచ్చింది. 2020 జాతీయ పాఠశాల సంచి విధానం, పిల్లవాని ఒంటి బరువులో పదో వంతు కంటే సంచి ఎక్కువ ఉండకూడదని చెప్పింది. బాగానే ఉన్నది. మరి కళాశాల విద్యార్థి సంగతేమిటి? పది దాటినంత మాత్రాన మన వెన్నెముక ఇనుముగా మారిందా? ఎదిగిన వీపు కొంత ఎక్కువ మోయగలదు, సరే. కానీ మనల్ని తూచేవాడు ఎవడూ లేడు కనుక మనల్ని మనమే తూచుకోవాలి.

తూచుకుంటే ఏమైంది? గ్రంథాలయంలో ఉన్న పాఠ్యపుస్తకాన్ని ఇంటి దగ్గర పెట్టాను. 1 కిలో 100 పోయింది. సీసాను ఖాళీగా తెచ్చి కళాశాలలో నింపుకున్నాను. ఇంకొక కిలో. ఆనాటికి కావలసిన రికార్డు, నోట్సు మాత్రమే పెట్టుకున్నాను. మరొక కిలో. బ్యాటరీ నిండుగా ఉన్న రోజు చార్జరు విడిచిపెట్టాను. 400 గ్రాములు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మూడున్నర కిలోలు దిగి, సంచి 5 కిలోల 800కు వచ్చింది. కాబట్టి మిత్రులారా, కొత్త సంచి కొనేముందు పాత సంచిని కుమ్మరించండి. ఏం మోయాలో తేలనిదే ఎంత సంచి కావాలో తేలదు. రోజువారీ కళాశాలకు 20 నుంచి 25 లీటర్ల సంచి చాలు. పెద్దది కొంటే పెద్దదే నిండుతుంది; ఖాళీ గరిసెను చూస్తే ఇంకా ఏదో పోయాలనిపించినట్లు.

ఇక ఎంపిక. ఇందులో మన భౌతికశాస్త్రం పాఠాలు ఎంత పనికివస్తాయో, మన ఊళ్లో మోతపని చేసేవాళ్ల అనుభవమూ అంతే పనికివస్తుంది.

మార్కెట్ యార్డులో బస్తా మోసే హమాలీ అన్నను చూడండి. బస్తాను వీపుకు అతికించుకొని, కొద్దిగా ముందుకు వంగి నడుస్తాడు. ఒంటికి దూరంగా పెట్టుకొని ఎవరూ మోయరు. ఎందుకంటే బరువు ఎంతనేదే కాదు, ఆ బరువు ఒంటికి ఎంత దూరంలో ఉన్నదనేది కూడా లెక్కలోకి వస్తుంది. వెన్నుకు పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న బరువును ఇరవై సెంటీమీటర్ల దూరానికి జరిపితే, మనల్ని వెనక్కు లాగే తిప్పుడు బలం రెండింతలు అవుతుంది. కనుక ల్యాప్‌టాప్ అర వీపుకు ఆనుకొని ఉండే సంచినే ఎంచుకోవాలి. పట్టీలు బిగించి సంచిని పైకి తెచ్చుకోవాలి. సినిమా హీరోలాగా పిరుదుల కిందికి వేలాడదీసుకొని నడవడం చూపుకు బాగుండవచ్చుగాని, సాయంత్రానికి నడుమే చెబుతుంది దాని సంగతి.

ఒక భుజానికే తగిలించుకునే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. కావడికి ఒక దిక్కే కుండ కట్టి మోసేవాణ్ణి ఎవరైనా చూశారా?

పట్టీల వెడల్పు మరొకటి. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుంటే పుండవుతదని మా బాపు కాడికి గుడ్డ చుట్టేవాడు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనమని మనం పరీక్షలో రాస్తాం. ఆయన పరీక్ష రాయకుండానే ఆ సూత్రం పాటించాడు. మూడు సెంటీమీటర్ల పట్టీ బదులు ఆరు సెంటీమీటర్ల పట్టీ ఉంటే భుజం మీద ఒత్తిడి సగమవుతుంది. లోపలి మెత్త మరీ మెత్తగా ఉంటే నెలకే అణగారిపోతుంది. వేలితో గట్టిగా నొక్కి చూడండి. వెంటనే లేచిందా, అది మంచిది.

పట్టీ కుట్టు చూడడం మరువకండి. మా మిత్రుని నష్టమంతా అక్కడినుంచే వచ్చింది. పట్టీ సంచిని కలిసే చోట ఒకే వరుస కుట్టు ఉంటే అది ఎప్పుడో ఒకనాడు ఊడుతుంది. చతురస్రంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు అడ్డకుట్లు వేసి ఉంటే అది నిలుస్తుంది. దుకాణంలో ఎవరూ చూడనిది ఇదే, ముందు తెగేదీ ఇదే.

అడుగు భాగం చూడండి. ల్యాప్‌టాప్ అర సంచి అడుగుదాకా దిగిపోతే, సంచిని నేల మీద పెట్టిన ప్రతిసారీ దెబ్బ నేరుగా యంత్రానికే. మంచి సంచిలో ఆ అర అడుగు కంటే రెండు మూడు వేళ్లు పైన ఆగి, ఉయ్యాలలో బిడ్డలాగా వేలాడుతూ ఉంటుంది. రెండు కిలోల ల్యాప్‌టాప్ మీటరు ఎత్తు నుంచి పడితే దాదాపు 20 జౌళ్ల శక్తి. ఆ శక్తి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే ఎంత దెబ్బో, రెండు సెంటీమీటర్ల మెత్తలో ఆగితే సగటున అందులో పదో వంతే. కోడిగుడ్లను గడ్డిలో పెట్టి సంతకు పంపే మన అవ్వలకు ఈ లెక్క తెలియదని ఎవరనగలరు?

కొలత విషయంలో చాలామంది దెబ్బతింటున్నారు. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ అంటే అది యంత్రం వెడల్పు కాదు, తెర మూల నుంచి మూలకు ఉండే కొలత. సంచి మీద 15.6 అని రాసి ఉన్నా, అంచులు దొడ్డుగా ఉన్న పాత యంత్రం అందులో పట్టకపోవచ్చు. అన్నిటికన్నా సులువైన పద్ధతి ల్యాప్‌టాప్‌నే దుకాణానికి తీసుకొనిపోవడం. దానితో పాటు రికార్డులు, సీసా, డబ్బా కూడా పట్టుకొనిపొండి. అన్నీ అందులో పెట్టి, రెండు జిప్పులూ వేసి, వీపుకు తగిలించుకొని పది నిమిషాలు నిలబడండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనీయండి. ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూసి, నడిపించి చూడమా? అప్పుడు ఏ అంగడిలో ఎవరు విసుక్కున్నారు?

బట్ట సంగతి మన సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. నూలు సన్నమా దొడ్డా అని చెప్పడానికి డెనియర్ అనే కొలత ఉన్నది. 9,000 మీటర్ల నూలు పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. సంచులకు 600 డెనియర్ పాలిస్టర్ సాధారణం. అంతకన్నా ఎక్కువైతే ఇంకా గట్టి, ఇంకా బరువు కూడా. ఇక జిప్పు. బట్ట చిరిగిపోయిన సంచుల కంటే జిప్పు పోయిన సంచులే ఎక్కువ. జిప్పును మూలల దగ్గర పదిసార్లు అటూ ఇటూ లాగి చూడండి. అక్కడ పట్టేసుకుంటే కొనకండి. రన్నరు ఒక్కటే పోతే కొత్త సంచి కొననక్కరలేదు. బస్టాండ్ల దగ్గర గొడుగులు, చెప్పులు, జిప్పులు బాగుచేసే అన్నలు దాన్ని కొద్ది రూపాయలకే మారుస్తారు. అందుకే మన ఊరి చేతికి బాగయ్యే సంచినే కొనాలని నా అభిప్రాయం. ఎక్కడా దొరకని బకిల్, ఎవరికీ తెలియని తాళం ఉన్న సంచి చెడిపోతే చెత్తకుప్పకే.

బరువు చూశాం, సంచిని చూశాం. ఇక బాట. పట్నాల్లో కారులో తిరిగేవాని సంచి వేరు, మన పల్లెవెలుగు బస్సు సంచి వేరు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. మా ఊరి చెల్లెండ్లు కొందరు ఆ టికెట్టు పైసలు మిగలడం వల్లనే రోజూ కళాశాలకు రాగలుగుతున్నారు. ఇది సంతోషించదగ్గ విషయం. దానితో పాటు పొద్దటి బస్సులో కాలు పెట్టే సందు లేకుండా పోయిందన్నదీ నిజమే. బస్సులు పెంచాలని అడగడం మన హక్కు. పెరిగేదాకా ఆ ఒత్తిడిలోనే ల్యాప్‌టాప్ ప్రయాణం చేయాలి. ఇరుకులో వీపు మీది సంచి మీద నాలుగు మోచేతులు పడతాయి. తెర పగలడానికి కింద పడవలసిన పనేమీ లేదు, చార్జరు గుండు లోపలినుంచి గట్టిగా ఒత్తుకుంటే చాలు. కనుక చార్జరు, పవర్ బ్యాంకు, తాళంచేతులు ల్యాప్‌టాప్ అరలో పెట్టకూడదు. వాటికి విడి అర ఉన్న సంచి కావాలి. బస్సెక్కగానే సంచిని ముందుకు, పొట్ట మీదికి తిప్పుకోండి. యంత్రానికీ క్షేమం, జేబుదొంగ నుంచీ క్షేమం. అంతేకాదు, మనం వెనక్కు తిరిగినప్పుడల్లా సీట్లో కూర్చున్న ముసలవ్వ ముఖానికి మన సంచి తగలదు. చదువుకున్నవాని సంచి పదిమందికి దెబ్బ కాకూడదు కదా!

కిటికీలోనుంచి దస్తీ వేసి సీటు పట్టుకోవడం మన దిక్కు పాత ఆచారం. దస్తీ లేనివాడు సంచి వేస్తాడు. దయచేసి దస్తీయే వేయండి, అయిదు క్వింటాళ్ల పత్తిని విసరకండి! డ్రైవరు పక్కన ఇంజను మూత మీద సంచి పెట్టడం కూడా చూస్తున్నాను. ఎండకాలం 45 డిగ్రీలు దాటే మన ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఆ మూత మీద చెయ్యి పెట్టలేం. ల్యాప్‌టాప్‌లో ఉన్నది లిథియం బ్యాటరీ, వేడి దానికి విషం. మూత వేసినంత మాత్రాన యంత్రం ఆగినట్లు కాదు. పూర్తిగా ఆపకుండా సంచిలో పెడితే లోపలనే కాగిపోతుంది. ఆపిన తర్వాతనే సంచిలో పెట్టండి.

వాన సంగతి ఆదిలాబాద్ మిత్రులకు నేను చెప్పవలసిన పని లేదు. ఆ అడవి ప్రాంతంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. ఊరినుంచి మెయిన్‌రోడ్డు దాకా ఆటోలోనో బండి మీదనో వచ్చి, అక్కడ బస్సు కోసం చెట్టుకింద నిలబడాలి. సంచి మీద నీళ్లకు తట్టుకుంటుందని రాసి ఉంటే నీళ్లు చొరవని అర్థం కాదు. బట్టకు లోపల పూత ఉన్నా సూది గుచ్చిన ప్రతి రంధ్రం ఒక దారి, జిప్పు ఒక పెద్ద దర్వాజా. సంచిపైన తొడిగే వాన తొడుగు ఉన్నది మేలు. లేకుంటే మందమైన కొత్త పాలిథిన్ సంచి ఒకటి లోపల ఉంచుకొని, వాన వచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌ను అందులో పెట్టి మూతి మడిస్తే చాలు. యూరియా బస్తా లోపలి కవరు మాత్రం వాడకండి. యూరియా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తడి యంత్రానికి చేటు.

ధర మాట. ఎంత పెట్టాలి? ల్యాప్‌టాప్ ధరలో ఇరవయ్యో వంతు దాకా పెట్టవచ్చని నా అభిప్రాయం. నలభై వేల యంత్రానికి రెండు వేలు. అంతకు తక్కువలోనూ పైన చెప్పిన గుణాలన్నీ ఉన్న సంచి దొరకవచ్చు. పెద్ద కంపెనీ పేరు అతికించిన నకిలీలు కూడా దొరుకుతాయి. పేరు చదవకండి, కుట్టు చదవండి. రెండు వేలు కూడా లేని మిత్రుడు నిరాశ పడనవసరం లేదు. ఉన్న గట్టి సంచికి దర్జీ దగ్గర పట్టీలు మళ్లీ అడ్డకుట్లతో కుట్టించుకొని, అడుగున మందమైన స్పాంజి వేసి, ల్యాప్‌టాప్‌కు మెత్తని తొడుగు వేసుకుంటే ముప్పాతిక పని అయినట్లే.

ఇప్పటిదాకా చెప్పింది ఒక్కొక్కరం ఎవరికివారు చేసుకోవలసిన పని. కానీ అన్నీ విద్యార్థి మీదనే వేస్తే అది న్యాయం కాదు. మనమెందుకు ఇంత మోస్తున్నాం? కళాశాలలో పెట్టుకోవడానికి చోటు లేదు గనుక. ల్యాబ్ కోటు, రికార్డులు, చార్జరు రోజూ ఇంటికీ కళాశాలకూ ఎందుకు తిరగాలి? తాళం వేసుకునే చిన్న అర ఒకటి తరగతికి ఇద్దరు ముగ్గురికి కలిపి ఇచ్చినా చాలా బరువు దిగుతుంది. ప్రతి గదిలో పనిచేసే ప్లగ్గులు నాలుగు ఉంటే చార్జింగు భయంతో పవర్ బ్యాంకు మోయనక్కరలేదు. తాగే నీళ్లు మంచిగా ఉంటే ఇంటినుంచి లీటరు నీళ్లు తేనక్కరలేదు. ఇవేమీ లక్షల పనులు కావు. ఎన్నికలప్పుడు పెద్ద పెద్ద వాగ్దానాలు చేసే మన విద్యార్థి సంఘం నాయకులు ఈ మూడు చిన్న పనులు పట్టుకొని యాజమాన్యం దగ్గరికి పోవాలని నా మనవి.

ఇంకొక ఆలోచన కూడా పెడుతున్నాను. పాత కరీంనగర్ జిల్లాలో భాగమై, 2016 అక్టోబర్ 11న వేరు జిల్లా అయిన సిరిసిల్లలో పాలిస్టర్ బట్ట నేసే మరమగ్గాలు వేలల్లో ఉన్నాయి. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డరుతో అవి ఆడాయి. 2024లో ఆ ఆర్డరు ఆగినప్పుడు నేతకార్మికుల ఇండ్లలో ఎంత దిగులు పడిందో మనం చూశాం. చీర బట్ట వేరు, సంచి బట్ట వేరు. సంచికి దొడ్డు నూలు కావాలి, వెనుక పూత కావాలి, ఒక్కరోజులో అయ్యే పని కాదు. కానీ కుట్టుపని తెలిసినవాళ్లు కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ తక్కువేమీ లేరు. బట్ట బయటినుంచి తెచ్చినా కుట్టు ఇక్కడ కుట్టించవచ్చు కదా! మన సంఘం ఒక మూడు వందల మంది పేర్లు రాసుకొని, ఎట్లాంటి సంచి కావాలో మనమే చెప్పి, ఒకేసారి కుట్టిస్తే ధరా తగ్గుతుంది, మనవాళ్లకు పనీ దొరుకుతుంది. చెడిపోతే కుట్టినవాడు కంటి ముందరనే ఉంటాడు. కొత్తగా చేరే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు స్వాగత సభలో పూలదండలూ ఉపన్యాసాలూ కాక, ఆ సంచి ఒకటి తక్కువ ధరకు ఇస్తే సంఘం పేరు నాలుగేండ్లు నిలుస్తుంది.

ల్యాప్‌టాప్ గొప్ప వస్తువేమీ కాదు, అందులో మనం చేసే పని గొప్పది. కానీ మన దిక్కు ఇండ్లలో ఆ వస్తువు ఊరికే రాలేదు. పొద్దు పొడవకముందే చేనుకు పోయి, నడుముకు ఒడి కట్టుకొని, గులాబిరంగు పురుగు కొట్టగా మిగిలిన కాయల్లోనుంచి ఏరిన పత్తి అది. ఆ ఒడి గట్టిగా ఉండాలని, ఏరిన పత్తి ఒక్క పింజ కూడా జారకూడదని అవ్వ ఎంత జాగ్రత్తగా ముడి వేస్తుందో మనం చూసినవాళ్లమే. మన సంచి ముడి కూడా అంత గట్టిగా ఉండాలి. విద్యార్థి మిత్రులారా, రేపు పొద్దున బస్సుకు బయలుదేరేముందు సంచిని ఒకసారి కుమ్మరించండి, తూచండి, పట్టీ కుట్టు గట్టిగా లాగి చూడండి. ఊడేది ఉంటే ఇంట్లనే ఊడనీయండి.